కథ పక్కన లెక్క



కన్యాశుల్కం చదవనివాళ్లకు కూడా గిరీశం తెలుసు. మధురవాణి తెలుసు. రామప్పంతులు ఎత్తులు, లుబ్ధావధాన్లు పిసినారితనం పుస్తకం తెరవకుండానే సగం మందికి వచ్చేశాయి. అదే నాటకం 1897లో మొదటిసారి అచ్చయినప్పుడు గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాసుకున్నారు. దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో, మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లపాటు జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తీయించారు. తేలినవి 1,034. అంటే ఏడాదికి సుమారు 344. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు.

విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరుగారు ఈ అంకెల్ని బోర్డు మీద రాస్తారు. అంతకు ముందు పీరియడ్‌లో నాటకం నుంచి రెండు రంగాలు పిల్లలతోనే చదివిస్తారు. ఎవడు గిరీశం అవుతాడన్న విషయం మీద చిన్న తగాదా అవుతుంది. నవ్వులు, ఈలలు, హెడ్మాస్టరుగారు కిటికీలోంచి తొంగిచూడడం, అన్నీ అవుతాయి. మర్నాడు అంకెలు. కూడమంటారు. అయిదేళ్లవాళ్లూ అంతకన్నా చిన్నవాళ్లూ కలిపి 188 మంది. మొత్తం పెళ్లిళ్లలో ఎన్నోవంతు? ప్రతి అయిదారు పెళ్లిళ్లకూ ఒకటి. లెక్క అయ్యేసరికి వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "ఏటి టీచర్, ఏడాది పిల్లకి పెళ్లేటి? ఆ పిల్లకి నడకైనా వచ్చీసిందా?" అని అడుగుతుంది. ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారనీ, అడగని ఏడాది తను సరిగ్గా చెప్పలేదని అనుకుంటాననీ టీచరుగారు అంటారు.

ఇవాళ్టి ప్రసంగం ఆవిడ చదువు గురించి. బడిలో చెప్పే చదువు కాదు, ఆవిడ చదువుకునే చదువు. కథలు, నవలలు, నాటకాలు ఒకవైపు. చరిత్ర, ఆత్మకథలు, సర్వే రిపోర్టులు, సైన్సు పుస్తకాలు ఇంకోవైపు. చాలామంది ఏదో ఒక గట్టున స్థిరపడిపోతారు. ఆవిడకు ఒక గట్టున కూర్చుంటే ఊపిరాడదు. ఏ నవల చదివినా దానికి పక్కన ఒక లెక్కల పుస్తకం వెతుక్కుంటారు. ఏ రిపోర్టు చదివినా ఇందులో మనుషులెవరు అని ఒక కథ కోసం వెతుక్కుంటారు. ఒకదానికి ఇంకోదానితో సాక్ష్యం చెప్పించడం అని ఆవిడ దీనికి పెట్టుకున్న పేరు. సాక్షులిద్దరూ ఒకే మాట చెబితే సంతోషం, చెప్పకపోతే ఇంకా సంతోషం అంటారు.

ఆ ముందుమాట సంగతే తీసుకోండి. 1,034 అనే అంకె ఒక్కటే ఉంటే అది కచేరీ దస్తరంలో ఒక కాగితం. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు కూతురు బుచ్చమ్మ ఒక్కర్తే ఉంటే అది ఆ ఇంటి దురదృష్టం. పొరుగింటివాళ్లు, "పాపం, ఆ ఇంటాయనకి కోపం ఎక్కువ" అని సరిపెట్టుకోవచ్చు. రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నప్పుడు ఆ సరిపెట్టుకోవడం కుదరదు. గురజాడవారికి ఈ రెండూ వేరువేరు పనులుగా కనిపించి ఉండవు. ఆనందగజపతి సంస్థానంలో ఆయన శాసనాలు పరిశోధించే ఉద్యోగం చేశారు. రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాలు కూడబలుక్కునే మనిషే మధురవాణికి మాటలు రాశాడు. ఇంతకీ ఆ ముందుమాట అనువాదం లేకుండా నాటకాన్ని మాత్రమే అచ్చువేసే ప్రచురణలంటే టీచరుగారికి ఒళ్లు మంట. కాగితం ఆదా అయిందేమో గాని సాక్షి తప్పిపోయాడంటారు.

ఆవిడ మొదటినుంచీ ఇలా చదివిన మనిషేం కాదు. వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉన్న కాలంలో పెరిగారు. రోజుకింత అని నవల అద్దెకు తెచ్చి, అమ్మ పడుకున్నాక వంటింటి దీపం కింద ముగించి, ఇంకో రోజు అద్దె పడకుండా పొద్దున్నే తిరిగి ఇచ్చేయడం. యద్దనపూడి, ఆ తర్వాత యండమూరి, మధ్యలో అట్ట చిరిగి రచయిత పేరు లేని డిటెక్టివులు. మడత పెట్టిన చీరల మధ్య నవల దాచిన సంగతి ఆవిడ ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. కథల పుస్తకాలు చదివి ఆడపిల్ల చెడిపోతుందని ఇంట్లో పెద్దవాళ్ల భయం. చరిత్ర పుస్తకం పట్టుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. అందువల్ల చరిత్ర పుస్తకం మధ్యలో నవల పెట్టి చదివేవారట. రెండు రకాల పుస్తకాలూ మొట్టమొదట అలా కలుసుకున్నాయి.

ఇప్పుడు పిల్లలకు ఆ బాధ లేదు. కథలు చదవకు అనేవాళ్లు లేరు, ఎందుకంటే చదివేవాళ్లు లేరు. కథ కాని పుస్తకాలకు పట్టిన గతి ఇంకో రకం. అవి బిట్లయిపోయాయి. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ కోచింగుకు వెళ్లిన కుర్రాణ్ని కన్యాశుల్కం ఎవరు రాశారని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మాలపల్లి రచయిత ఎవరు, ఉన్నవ లక్ష్మీనారాయణ. దాన్ని ఎక్కడ రాశారు, జైల్లో. ఎవరు నిషేధించారు, మద్రాసు ప్రభుత్వం. నాలుగు బిట్లు, నాలుగు మార్కులు. ప్రభుత్వం భయపడేంత సంగతి ఆ నవలలో ఏముందో అడిగితే సిలబస్‌లో లేదంటాడు. అతని తప్పేం లేదు. ప్రశ్నపత్రం తయారు చేసినవాళ్లు కూడా అక్కడికే ఆగిపోయారు.

కథకూ లెక్కకూ కట్టే జతల్లో టీచరుగారికి అన్నిటికన్నా ఇష్టమైనది కాళీపట్నం రామారావుగారి యజ్ఞం. కారా మాస్టారు విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని పట్టుబట్టి కూడబెట్టారు. 2021లో పోయేదాకా ఆయన ధ్యాస అదే. యజ్ఞం 1964 నాటి కథ. సుందరపాలెం అనే ఊరు. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, ఊరు బాగుపడిందని అందరూ అంటున్న సమయంలో అప్పల్రాముడు అనే పాత రైతు బాకీ పంచాయితీకి వస్తుంది. ధర్మాత్ముడని పేరున్న శ్రీరాములునాయుడు పెద్దమనిషిగా కూర్చుంటాడు. ఎవరూ అరవరు, ఎవరూ అన్యాయంగా మాట్లాడుతున్నట్టు ఉండదు. నోటు ఉంది, సంతకం ఉంది, తీర్చవలసిందే. ఆ మర్యాదైన చర్చ చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసే పని చదివి, పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. చదవనివాళ్ల కోసం ఆ పని ఏమిటో ఇక్కడ చెప్పడం లేదు.

టీచరుగారు ఈ కథకు జతగా పెట్టే పుస్తకం పేరు వింటే మీకు ఆవలింత రావచ్చు. రిజర్వు బ్యాంకు తరఫున జరిగిన అఖిలభారత గ్రామీణ రుణ సర్వే. 1951–52 లెక్కలు, 1954లో రిపోర్టు. అందులో ఒక పట్టిక ఉంది. రైతుకు వంద రూపాయల అప్పు పుడితే అది ఏ చేతినుంచి పుట్టింది? వడ్డీ వ్యాపారమే వృత్తిగా ఉన్నవాళ్ల నుంచి 44 రూపాయల 80 పైసలు. సేద్యం చేసుకుంటూనే వడ్డీకి తిప్పే ఆసాముల నుంచి 24 రూపాయల 90 పైసలు. సహకార సంఘాల నుంచి 3 రూపాయల 10 పైసలు. బ్యాంకుల నుంచి 90 పైసలు. రూపాయి కూడా కాదు.

ఈ పట్టిక చూశాక కథలోకి తిరిగి వెళితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పల్రాముడు ఇంకెక్కడికైనా వెళ్లి ఉండవచ్చు కదా, తెలివితక్కువగా అక్కడే ఎందుకు అప్పుచేశాడు అని మనం అడగడం మానేస్తాం. ఇంకెక్కడికీ లేదు. ఆ తర్వాత టీచరుగారు వడ్డీ లెక్క వేయిస్తారు. వెయ్యి రూపాయలు, నెలకు వందకు రెండు రూపాయల వడ్డీ, ఏడాదికోసారి నోటు తిరగరాయడం. మూడేళ్లకు 1,906 రూపాయలు. నాలుగో ఏటికి 2,364. చక్రవడ్డీ ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్న పాఠమే. అక్కడ అది సూత్రం. ఇక్కడ కూర్చుని వేస్తుంటే రెండో ఏడాది దగ్గరే పిల్లలు "చాలు టీచర్" అంటారు. కొందరు ఇంటికెళ్లి నాన్నను, మన నోటు ఎన్నిసార్లు తిరగరాశారని అడిగారట. తండ్రులు ఆవిడ మీద కోప్పడ్డారో లేదో ఆవిడ చెప్పలేదు.

అదే బడిలో లెక్కల మాస్టారొకరు ఉన్నారు. ఆయన అభ్యంతరం ఆయనది. "అమ్మా, లెక్క సరిగ్గా ఉంటే చాలదటండీ? మధ్యలో ఈ ఏడుపు కథ ఎందుకు? పిల్లల మనసు పాడవదూ?" అంటారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కథ చదివి కళ్లనీళ్లు పెట్టుకోవడంతో పని అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. ఏడ్చాం కాబట్టి అర్థమైందనుకుంటాం. పట్టిక చూసి తలూపినంత మాత్రాన కూడా అర్థమైనట్టు కాదు గదా అని టీచరుగారి వాదన. ఆ వాదన స్టాఫ్‌రూమ్‌లో టీ చల్లారేదాకా సాగుతుంది, తేలదు. కారా మాస్టారు కూడా మీలాగే లెక్కల మాస్టారండీ అని ఆవిడ అన్నప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగుతారు.

కథల్లోంచి చరిత్ర తీయవచ్చా? తీసినవాళ్లు ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. తెలుగుకు తొట్టతొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే దక్కింది. రాజుల యుద్ధాలు, పట్టాభిషేకాల తేదీలు శాసనాల్లో దొరుకుతాయి. మరి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, జూదంలో ఎలా మోసం చేశారు, సంతలో ఏం కొన్నారు? ఇవి ఏ రాజూ రాతి మీద చెక్కించడు. ప్రతాపరెడ్డిగారు కావ్యాలు తిరగేశారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. పండితులు రసం కోసం, అలంకారం కోసం చదివిన పుస్తకాలు. కొన్ని బూతు అని పక్కన పెట్టినవి కూడా. ఆయన వాటిలో వంటిల్లు చూశారు, బట్టల పేర్లు చూశారు, పిల్లల ఆటలు చూశారు.

హంసవింశతిలో ఒకచోట బట్టల పేర్లు వరసగా వస్తాయి. కావ్యం చదివేవాడికి అది దాటేసి పోయే చోటు. కథ నడవదు, కవి జాబితా వేస్తున్నాడని విసుగు. చరిత్ర రాసేవాడికి అదే బంగారు గని. టీచరుగారు ఈ సంగతి తెలిసిన నాటినుంచి నవలల్లో విసుగు పుట్టించే పేజీలను దాటేయడం మానేశారు. ఎవరి ఇంట్లో ఏ సామాను ఉంది, టిక్కెట్టు ఎంత, కూలి ఎంత అన్నవి పెన్సిల్‌తో గీత గీస్తారు. తన సొంత పుస్తకాల్లోనే లెండి. లైబ్రరీ పుస్తకాల్లో గీతలు గీసేవాళ్లను ఆవిడ క్షమించరు.

కావ్యంలో ఉన్నదంతా నిజమని నమ్మితే మళ్లీ ప్రమాదమే. కవి గొప్ప కోసం చెబుతాడు, పాత వర్ణనను అలవాటుగా తిరిగి వాడతాడు. సాక్షికి అడ్డు ప్రశ్నలు వేయవలసిందే. ఎలా వేయాలో నేర్పేవి చరిత్ర పుస్తకాలు. ఏం అడగాలో తోచేట్టు చేసేవి కథలు.

ఏడు తరాలు దగ్గర ఈ అడ్డు ప్రశ్నల వ్యవహారం బాగా ముదురుతుంది. అలెక్స్ హేలీ రాసిన రూట్స్ 1976లో అమెరికాలో వచ్చింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలిరోజుల్లోనే సహవాసిగారి చేత దాన్ని తెలుగులో ఏడు తరాలు పేరుతో సంక్షిప్తంగా తెచ్చింది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒక తరం దాన్ని చేతులు మార్చుకుంటూ చదివింది. గాంబియాలో జుఫూరే అనే ఊరు, డోలు చేసుకుందామని కట్టె కోసం అడవికి వెళ్లిన కుంటా కింటే, పట్టుకుపోయిన బానిసల వేటగాళ్లు, ఓడ అడుగున గొలుసులు.

హేలీ దాన్ని తన కుటుంబ చరిత్ర అన్నాడు. ఆఫ్రికాలో వంశకథలు కంఠస్థంగా చెప్పే గ్రియో నోట తన పూర్వీకుడి పేరు విన్నానన్నాడు. ఆ ఓడ పేరు లార్డ్ లిగోనియర్, 1767 సెప్టెంబరు 29న అనాపొలిస్ రేవులో ఆగిందని కాగితాలతో సహా చూపించాడు. ఓడ నిజం, తేదీ నిజం. 1977లో పులిట్జర్ వాళ్లు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. ఆ తర్వాత చిక్కులు మొదలయ్యాయి. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత, తన ది ఆఫ్రికన్ నవల నుంచి భాగాలు తీసుకున్నాడని దావా వేశాడు. 1978లో హేలీ డబ్బు చెల్లించి రాజీపడ్డాడు, ఆ నవలలోని భాగాలు తన పుస్తకంలోకి చేరాయని ఒప్పుకున్నాడు. వంశవృక్షాలు పరిశోధించే పండితులు తోటల యజమానుల కాగితాలు తిరగేసి, కుంటా కింటేయే అని హేలీ చెప్పిన టోబీ అనే బానిస ఆ ఓడ రాకముందే అమెరికాలో ఉన్నాడని తేల్చారు.

ఈ సంగతి విన్నరోజు టీచరుగారికి తిక్క పుట్టిందట. యవ్వనంలో గుండెకు హత్తుకున్న పుస్తకం. కొంతకాలం బీరువాలో వెనక వరసకు నెట్టేశారు. పిల్లలు అడుగుతారు కదా, "ఇది జరిగిందేనా టీచర్?" అని, అప్పుడేం చెప్పాలి? ఆవిడ చివరికి దాన్ని జాబితాలోంచి తీసేయలేదు. పుస్తకం చదివించాక, దావా సంగతి కూడా చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత ఇంకో కాగితం. అట్లాంటిక్ మీద సాగిన బానిసల ఓడల ప్రయాణాలను పరిశోధకులు ఓడ ఓడకూ నమోదు చేశారు. వాళ్ల అంచనా ప్రకారం ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించినవాళ్లు దాదాపు కోటీ పాతిక లక్షల మంది. అటువైపు తీరంలో దిగినవాళ్లు కోటీ ఏడు లక్షలు. రెండింటి మధ్య తేడా పద్దెనిమిది లక్షలు. ఆ తేడా సముద్రంలో ఉంది.

కుంటా కింటే ఆ కోటీ ఏడు లక్షల్లో ఒకడై ఉండకపోవచ్చు. అయినా ఆ పద్దెనిమిది లక్షలు అన్న అంకెను చదివినప్పుడు పిల్లలు ఓడ అడుగును ఊహించుకోగలిగింది హేలీ పుస్తకం వల్లే. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం కష్టం. టీచరుగారు చెబుతారు. తనకు నచ్చిన రచయిత ఇంకొకరి పుటలు తీసుకున్నాడన్న విషయాన్ని మెత్తగా చెప్పరు, దొంగతనం అనే మాటే వాడతారు. ఇంత నిష్ఠురంగా ఎందుకమ్మా అని తోటివాళ్లు అంటే, పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినవాణ్ని మనం ఏమంటున్నాం అంటారు.

అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి మీద ఆవిడకు అంత పేచీ లేదు. అది నవలనని చెప్పుకునే నవల. గుర్రాలు, మారువేషాలు, ప్రేమలు, అన్నీ ఉంటాయి. అందులోని కాకతీయ రాణి రుద్రమదేవి మీద మనసు పెట్టుకున్న పిల్లలకు ఆవిడ తర్వాత చందుపట్ల శాసనం గురించి చెబుతారు. నల్లగొండ జిల్లాలో దొరికిన ఆ శాసనం తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే భటుడు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకాలు కలగాలని సోమనాథ దేవుడికి భూమి రాసిచ్చాడు. రాణి ఎప్పుడు పోయిందో దాన్ని బట్టే తెలిసింది. నవల వచ్చిన చాలా ఏళ్లకు ఆ రాయి వెలుగులోకి వచ్చింది, కాబట్టి బాపిరాజుగారికి అది తెలిసే వీలు లేదు. తెలిసి ఉంటే ముమ్మడి మీద ఇంకో నవల రాసేవారేమో.

మన రచయితల్లో ఈ రెండు గట్లకూ ఈదినవాళ్లు చాలామందే. కొడవటిగంటి కుటుంబరావుగారు ఫిజిక్స్ చదివారు. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామకు సంపాదకులు. బేతాళుణ్ని చెట్టు మీదికి ఎక్కించి దింపుతూనే సైన్సు వ్యాసాలు రాశారు, చదువు అనే నవల రాశారు. ఆ నవలలో సుందరం అనే కుర్రాడు అక్షరాభ్యాసం నుంచి డిగ్రీ దాకా చదువుతాడు, చివరికి ఆ చదువు దేనికో తెలియదు. ఉపాధ్యాయులందరూ చదవవలసిన పుస్తకం, చాలామంది చదవరు. ఉప్పల లక్ష్మణరావుగారు విదేశాల్లో వృక్షశాస్త్రం చదివి, అతడు–ఆమె నవల రాసి, మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేశారు. ఇంకా వెనక్కి వెళితే 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి, జీవశాస్త్రం, చరిత్ర, జీవిత చరిత్రలతో పాటు నవలలు కూడా వేసింది. అప్పట్లో ఎవరూ ఇవి వేరు, అవి వేరు అని గోడ కట్టినట్టు లేరు.

గోడ ఎక్కడుందంటే బడి బీరువాలో ఉంది. ఇది వినేవాళ్లలో ఉపాధ్యాయులుంటే వెంటనే అర్థమవుతుంది. పుస్తకాలు వస్తాయి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. బీరువాకు తాళం పడుతుంది. పుస్తకం పోతే ఎవరి జీతంలో కోత పడుతుందోనని భయం. అందుకని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. టైంటేబుల్‌లో లైబ్రరీ పీరియడ్ అని ఉంటుంది. సిలబస్ కాలేదని లెక్కలవాళ్లో సైన్సువాళ్లో దాన్ని అడిగి తీసుకుంటారు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుందని ఎంతమందికి తెలుసు? తెలిస్తే ఊళ్లో శాఖా గ్రంథాలయానికి వెళ్లి కొత్త పుస్తకం ఎప్పుడొచ్చిందని అడుగుతారు.

టీచరుగారు బీరువా తాళం తన దగ్గర పెట్టుకున్నారు. పోయిన పుస్తకాల డబ్బు తనే కట్టుకుంటానని హెడ్మాస్టరుగారికి మాట ఇచ్చారు. పోయేవి కొద్ది. ఎక్కువగా చిరుగుతాయి. చిరిగితే ఆవిడకు సంతోషం.

ఆ రిజిస్టర్‌లో ఒక గడి ఉంటుంది, పుస్తకం ఏ రకమో రాయడానికి. అక్కడ రెండు పుస్తకాలు ఆవిడను ఇబ్బంది పెట్టాయి. ఒకటి రైలుబడి. జపాన్‌లో తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం. పాత రైలుపెట్టెలే తరగతి గదులు, పిల్ల ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ వినే హెడ్మాస్టరు కొబయాషి, 1945లో బాంబుల దాడిలో కాలిపోయిన బడి. చదువుతుంటే ఎవరో ముద్దుగా కల్పించినట్టుంటుంది. అంతా జరిగిందే. రెండోది గిజుభాయి బధేకా పగటికల. ఒక ఉపాధ్యాయుడు విద్యాధికారిని అడిగి నాలుగో తరగతిని ఏడాదిపాటు తన పద్ధతిలో నడిపి, కథలతో మొదలుపెట్టి, వచ్చిన ఇబ్బందులతో సహా రిపోర్టులా రాస్తాడు. అచ్చం జరిగినట్టే ఉంటుంది. ఆ మాస్టరు, ఆ తరగతి కల్పన. గిజుభాయి భావనగర్‌లో తన బాలమందిరం నడిపిన అనుభవం వెనక ఉంది, అంతే. రైలుబడిని కథల్లో, పగటికలను విద్యాశాస్త్రంలో ఎవరో ముందే ఎక్కించారు. టీచరుగారు సరిచేయలేదు. డీఈడీ పూర్తిచేసి కొత్తగా చేరిన అమ్మాయిలకు రెండూ కలిపి ఇచ్చి, ఏది ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి అంటారు.

అన్నిరకాలూ చదువుతారంటే ఏది పడితే అది చదువుతారని కాదు. వారంలో కోటీశ్వరులు కావడం, పది సూత్రాలతో విజయం సాధించడం వంటి పుస్తకాలు ఎవరైనా బహుమతిగా ఇస్తే అట్ట చూసి థాంక్స్ చెప్పి ఇంకో పెళ్లికి పట్టుకుపోతారు. కథకూ లెక్కకూ మధ్య ఉండే ఆ సరుకులో కథలో ఉండే మనిషీ లేడు, లెక్కలో ఉండే నికరమూ లేదని ఆవిడ అభిప్రాయం. నవల అయినా సరే, నాలుగు అధ్యాయాలు చదివాక నచ్చకపోతే వదిలేస్తారు. పిల్లలకు కూడా అదే అనుమతి ఉంది. వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారో ఒక వాక్యం చెప్పాలి. "బోరు" అన్నది వాక్యం కిందికి రాదు.

ఈ ఏడాది ఆవిడ తొమ్మిదో తరగతికి ఇచ్చినది కథ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారంతో బయల్దేరి, తిరుపతి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, కలకత్తా చూసి, జగన్నాథం నుంచి తీరం వెంట శ్రీకాకుళం మీదుగా దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకు దొరికింది, బాట ఎలా ఉంది, అన్నీ రోజువారీగా రాసుకున్నారు. 1838లో అచ్చయింది. మన దారిలోనే వచ్చాడర్రా అని టీచరుగారు చెప్పేసరికి పిల్లలకు హుషారు పుట్టింది.

చదివాక ఆవిడ ఇచ్చిన పని ఒకటే. వీరాస్వామయ్యగారు పల్లకీలో వచ్చారు. పల్లకీ తనంతట తాను రాదు. మోసిన బోయీలున్నారు. వాళ్లలో ఒకడు రోజు చివర ఏం చెప్పుకుని ఉంటాడో కథ రాయండి. ఊళ్ల పేర్లు, తేదీలు పుస్తకంలో ఉన్నవే ఉండాలి, మిగతాది మీ ఇష్టం.

కథలు వచ్చాయి. ఒకమ్మాయి బోయీ భుజం మీద కాయలు కాసిన చోట ఆవనూనె రాయించింది. ఒకడు వాగు దగ్గర మొసలిని పెట్టాడు, అది ఏ పేజీలోనూ లేదు కాబట్టి కొట్టేయవలసి వచ్చింది. ఎక్కువమంది కథల్లో బోయీలు కూలి సరిపోలేదని శ్రీకాకుళం దాటగానే రాత్రికి రాత్రి పల్లకీ దింపి పారిపోయారు. ఆ కథల లెక్కన వీరాస్వామయ్యగారు మద్రాసు దాకా నడిచే వెళ్లి ఉండాలి. తారీఖులు ఎలా కుదురుతాయని టీచరుగారు అడిగితే, తొమ్మిదో తరగతి ఇప్పుడు రోజుకు ఎన్ని మైళ్లు నడవగలడో లెక్క వేస్తోంది. లెక్కల మాస్టారి పీరియడ్‌లో.